పొత్తు పట్టీ

రోజూ సాయంత్రం నాలుగు గంటలయ్యేసరికి ఏడో మంచం మీది బొడ్డు నూకరాజుకు చెమటలు పట్టేవి. ముఖం కందిపోయేది. గుండె నిమిషానికి నూట ముప్పైసార్లకు పైగా కొట్టుకునేది. డ్యూటీలో ఉన్న నర్సు జ్వరం చూసేది, షుగరు చూసేది, మూత్రపు గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో చూసేది. ఏ తేడా కనిపించక డాక్టరుకు ఫోను చేసేది. డాక్టరు మత్తు ఇంజెక్షను చెప్పేవాడు. పావుగంటలో నూకరాజు కళ్ళు మూతపడేవి. ఎనిమిది నెలలుగా ఇదే వరస.

అతనికి నలభై తొమ్మిదేళ్ళు. సామర్లకోట చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు షామియానాలు వేసేవాడు. మెదడు అడుగుభాగంలో రక్తం గడ్డకట్టి ఒళ్ళంతా చచ్చుబడింది. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు, ఆ గొట్టానికి వెంటిలేటరు. షుగరు అంతకుముందే ఉంది. కిడ్నీలు పాడైనందువల్ల వారానికి మూడుసార్లు డయాలసిస్. కదలకపోయినా ఒంటికి స్పర్శ తెలుస్తూనే ఉంటుందని డాక్టర్లు చెప్పారు. కళ్ళు కదిలేవి, కానీ ఆ కదలికకు అర్థం ఉందో లేదో ఎవరూ తేల్చలేదు. కేసు షీటులో 'స్పందన నమ్మదగినది కాదు' అని రాసి ఉంది.

కాకినాడలోని ఆ వార్డులో మొత్తం పన్నెండు మంచాలు. ఒక్కొక్కరికీ మూడు నాలుగు జబ్బులు, ఎవరికీ మాట లేదు. హెడ్ నర్సు ఎస్తేరు రాణికి ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది. పొత్తు పట్టీని మొదట కట్టుకున్నది ఆమే.

దాన్ని తయారుచేసిన డాక్టర్ పుష్కల విశాఖ నుంచి రెండు పెట్టెలతో వచ్చింది. రోగి తలకు వలలాంటి టోపీ, నర్సు చేతికి వెడల్పాటి పట్టీ, పట్టీ నుంచి చెవి వెనక్కి ఒక సన్నటి తీగ. రోగి ఒంటికి తెలిసేదాంట్లో పదో వంతు నర్సు ఒంటికి అదేచోట తెలుస్తుంది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టానంది పుష్కల. తన తండ్రి ఆస్పత్రిలో మాట పడిపోయి ఉన్నప్పుడు, తుంటి ఎముక విరిగిన సంగతి తొమ్మిది రోజులు ఎవరికీ తెలియలేదని కూడా చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో మార్పేమీ లేదు.

నాలుగుకు పది నిమిషాల ముందు ఎస్తేరు పట్టీ కట్టుకుంది. కాసేపటికి చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోయింది.

"ఏంటి మేడం?" అంది పక్కనున్న హైమ. తుని నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళ నర్సు ఆమె. చురుకైన పిల్ల.

"మెడ వెనక నిప్పు పెట్టినట్టుంది. పట్టు, ఆయన తల ఎత్తుదాం."

జుట్టు కింద చింతగింజంత పుండు ఉంది. గొంతు గొట్టం కదలకుండా మెడ చుట్టూ కట్టే తాడు ముడి జారి వెనక్కి వచ్చింది. రోజూ మధ్యాహ్నం పక్క మార్చి వెల్లకిలా పడుకోబెట్టాక తల బరువంతా ఆ ముడి మీదే. ఎస్తేరు తాడు విప్పి, ముడిని పక్కకు తెచ్చి, పుండుకు మందు రాసింది. తన మెడ మీద మంట తగ్గుతుంటే తెరమీది అంకెలు కూడా దిగడం ఆమె చూసింది. నూట పద్దెనిమిది, నూట నాలుగు, తొంభై. ఆ సాయంత్రం ఇంజెక్షను అవసరం రాలేదు.

నూకరాజు భార్య మంగ తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ ముడి జరపడం చేతకాక మత్తిచ్చి పడుకోబెట్టేరా సిస్టరుగారూ?"

"అవునమ్మా," అంది ఎస్తేరు.

వారం తిరక్కుండా ఇంకో సంగతి బయటపడింది. పట్టీలో మోకాలి కింద దురద తెలిసి, "కాలా నూకరాజు గారూ?" అని ఎస్తేరు అడిగితే అతని కళ్ళు పైకి వెళ్ళాయి. కావాలని "చెయ్యా?" అంటే కిందికి దిగాయి. పుష్కల నలభై సార్లు పరీక్ష పెట్టింది. నలభై సార్లూ ఒప్పే. కేసు షీటులో ఆ పాత వాక్యం కొట్టేశారు.

మొదటి మూడు నెలలు ఆ వార్డులో పనిచేసినవాళ్ళు ఆ రోజుల్ని తర్వాత కూడా మరిచిపోలేదు. డయాలసిస్ మధ్యలో పిక్కలు పట్టేయడం యంత్రం కంటే ముందు నర్సుకు తెలిసేది. షుగరు పడిపోతుంటే కడుపులో ఖాళీ, వేళ్ళలో వణుకు. సూది గుచ్చి చూడకముందే హైమ గ్లూకోజు సిద్ధం చేసేది. మత్తుమందుల వాడకం సగానికి తగ్గింది. కొత్తగా ఎవరికీ వీపు మీద పుండ్లు పడలేదు. పక్క జిల్లాల ఆస్పత్రుల వాళ్ళు చూడటానికి వచ్చి, వార్డు ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉందని అడిగారు.

రోజుకు నాలుగు గంటలకు మించి కట్టుకోవద్దని పుష్కల నియమం పెట్టింది. ఎస్తేరు ఆరు గంటలు కట్టుకునేది, ఒక్కోరోజు ఎనిమిది. మంచాలు పన్నెండు, డ్యూటీకి ఇద్దరే నర్సులు. ఒక మంచం దగ్గర పట్టీ తీసేస్తే ఆ మనిషి నోరు నొక్కినట్టే అనిపించేది ఆమెకు. ప్రతి సోమవారం ఒక ఫారం నింపాలి. చివరి ప్రశ్న: 'మీ సొంత శరీరం తెలియడంలో ఏమైనా మార్పు ఉందా?'

ఐదో నెలలో ఒక శనివారం ఉదయం ఎస్తేరు ఇంట్లో అన్నం వారుస్తోంది. కూతురు కెజియా ఇంటర్ చదువుతోంది. ఆ పిల్ల జడ వేసుకుంటూ వంటగదిలోకి వచ్చి కేక పెట్టింది.

"అమ్మా! చెయ్యి! చేతి మీద పడుతోంది!"

గంజి గిన్నెలోకి కాకుండా ఎస్తేరు ఎడమ చేతి మీదుగా కారుతోంది. ఆమె చూసింది. చెయ్యి ఎర్రగా ఉంది. వేడి తెలుస్తోంది, కానీ ఎక్కడో గోడ అవతల ఎవరికో కాలుతున్నట్టు తెలుస్తోంది. ఈ మంట ఏ మంచానిదా అని ఆలోచిస్తున్నానని ఆమెకు అప్పుడు అర్థమైంది.

కెజియా చెయ్యి లాగి కుళాయి కింద పెట్టింది. "నొప్పి లేదా నీకు?"

"ఉంది."

"మరి చెయ్యి తియ్యవేం?"

కూతురు మందు రాస్తుంటే, వేరెవరి చేతికో రాస్తున్నట్టు ఎస్తేరు కుతూహలంగా చూస్తూ కూర్చుంది. బొబ్బలు లేచాయి. సోమవారం చేతికి పొడుగు గ్లౌజు వేసుకుని డ్యూటీకి వెళ్ళింది. ఫారంలో చివరి ప్రశ్నకు 'లేదు' అని రాసింది.

అది జరిగిన ఆరు వారాలకు హైమకు కడుపునొప్పి మొదలైంది.

"తొమ్మిదో మంచం పెద్దావిడదే మేడం ఇది. పొద్దుట్నుంచీ మెలిపెట్టేస్తోంది," అంది. తొమ్మిదో మంచం మీద పేగుల జబ్బుతో ఒక వృద్ధురాలు ఉంది.

"పట్టీ తీసేసి కాసేపు కూర్చో."

"తీసేశాను మేడం. ఇంకా ఉంది. తీసేసినా కాసేపు ఉంటది కదా?"

"ఉంటుంది," అంది ఎస్తేరు. అది నిజమే. ఒక్కోరోజు ఇంటికి వెళ్ళాక కూడా ఉండేది.

రెండో రోజు తొమ్మిదో మంచం ఆవిడకు కడుపు స్కాన్ తీశారు. ఏమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం హైమ దుప్పట్ల గదిలో పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికి వచ్చి, అపెండిక్స్ పగిలి రెండు రోజులైంది, చీము కడుపంతా పాకింది అన్నాడు. "అంత నొప్పితో ఎలా తిరిగింది ఈ పిల్ల? మీరంతా నర్సులే కదా, ఎవరికీ చెప్పలేదా?"

చెప్పిందని ఎస్తేరు అతనితో అంది. తనకే చెప్పిందని కూడా అంది.

హైమ పదకొండు రోజులు వెంటిలేటరు మీద ఉంది. ఆరో రోజున పుష్కల విశాఖ నుంచి వచ్చింది. ఎస్తేరు గ్లౌజు తీసి చెయ్యి చూపించింది. కాలిన మచ్చ మోచేతిదాకా పాకి గులాబిరంగులో ఉంది.

"ఎప్పుడు జరిగింది?"

"రెండు నెలలవుతోంది మేడం."

"ఫారంలో ఎందుకు రాయలేదు సిస్టర్ గారూ?"

"రాస్తే ఆపేస్తారని. ఆపేస్తే ఏడో మంచానికి మళ్ళీ నాలుగింటికి మత్తు ఇంజెక్షనే."

పుష్కల ఆమె చేతిని వెలుతురుకు తిప్పి మచ్చను చూసింది. "మీ పట్టీ ఎన్ని గంటలు నడిచిందో నాకు రోజూ కనిపిస్తూనే ఉంది. ఎనిమిది గంటలు కట్టుకున్న రోజులన్నీ నాకు తెలుసు. ఫలితాలు బాగున్నాయి కదాని ఊరుకున్నాను. ఇద్దరమూ దాచాం."

ఆ మధ్యాహ్నమే పరీక్ష పెట్టింది. ఎస్తేరు చేతిని తెర వెనక ఉంచి, ఒకసారి వేడినీళ్ళు, ఒకసారి చల్లటి నీళ్ళు తాకించారు. ప్రతిసారీ తాకిన చెయ్యి తనదో కాదో చెప్పాలి. పట్టీ లేదు, గదిలో రోగి లేడు. నూరుసార్లలో ముప్పై ఎనిమిదిసార్లు ఎస్తేరు తన చేతిని పరాయిదంది. నొప్పి మెదడుకు చేరుతోంది. కానీ వచ్చే నొప్పులన్నీ పక్కవాళ్ళవే అని నెలల తరబడి నేర్చుకున్న మెదడు, సొంత నొప్పి వచ్చినా అదే ముద్ర వేసి పంపేస్తోంది. ఇది తిరిగి బాగవుతుందా అని ఎస్తేరు అడిగింది. తెలియదంది పుష్కల.

ప్రయోగం ఆపేశారు. ఆస్పత్రి కమిటీ ఎస్తేరును ఆరు నెలలపాటు హెడ్ నర్సు బాధ్యత నుంచి తప్పించింది. ఆమె అభ్యంతరం చెప్పలేదు. పన్నెండు తలల మీది టోపీలు తనే తీసి, స్పిరిట్‌తో తుడిచి పెట్టెల్లో సర్దింది. ఏడో మంచం టోపీ తీసేటప్పుడు మాత్రం మంగ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ నర్సులకి వద్దు. ఒప్పుకుంటాను. నాకు కట్టండి. నేను ఆయన పెళ్ళాన్ని. నాకేటైనా అయితే అయ్యింది."

కమిటీ మళ్ళీ కూర్చుంది. రోజుకు రెండు గంటలు, మంగ రాసిస్తే, రోగి కూడా ఒప్పుకుంటే, అని తేల్చింది. రోగిని మూడు రోజులు, ముగ్గురు వేరువేరు మనుషులు అడగాలంది. టోపీ మొదట పెట్టినప్పుడు నూకరాజును ఎవరూ అడగలేదు. మంగ చేత సంతకం పెట్టించారు, అంతే. ఆ సంగతి కమిటీలో ఎవరికీ అప్పటిదాకా తట్టలేదు.

మొదటి రోజు అడిగే పని ఎస్తేరుకు వచ్చింది. కుర్చీ లాక్కుని అతని కళ్ళకు ఎదురుగా కూర్చుంది. హైమకు జరిగింది చెప్పింది. తన చేతి సంగతి చెప్పింది. మంగకు కూడా అలా అవుతుందో అవదో తెలియదని చెప్పింది. ఒక్క ముక్క కూడా తగ్గించలేదు.

"టోపీ లేకపోతే మీ నొప్పి ఎక్కడో మాకు మళ్ళీ సరిగ్గా తెలియదు. వెతుక్కుంటాం. ఒక్కోసారి దొరకదు. మంగ పట్టీ కట్టుకుంటానంటోంది. మీకు సరేనా?"

నూకరాజు కళ్ళు మంగ వైపు తిరిగాయి. అక్కడ కాసేపు ఆగి, కిందికి దిగాయి.

"బుద్ధుందా నీకు?" అంది మంగ. "ఆ పుండుతో ఎనిమిది నెల్లు చచ్చేవు. మళ్ళీ అదే కావాలా? నాకేం కాదు. రెండు గంటలేనంట. సరేనను."

కళ్ళు కిందికే.

రెండో రోజు డాక్టరు అడిగాడు. మూడో రోజు పుష్కల అడిగింది. మూడు రోజులూ ఒకటే జవాబు. పుష్కల టోపీని పెట్టెలో పెట్టి, మూత వేసి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. "దీన్ని తయారుచేయడానికి ఆరేళ్ళు పట్టింది. వద్దనే మనిషి ఉంటాడని ఒక్కసారి కూడా అనుకోలేదు," అంది ఎస్తేరుతో. మర్నాడు విశాఖ వెళ్ళిపోయింది.

తర్వాతి వారాలు ఎస్తేరు చెప్పినట్టే నడిచాయి. మెడ తాడు ముడిని రోజుకు నాలుగుసార్లు చూసేవారు. కానీ ముడి కాకపోతే మరేదో. ఒకరోజు మడమ కింద దుప్పటి మడత. ఒకరోజు చెవిలో గుబిలి. ఇంకోరోజు ఏమిటో తెలియనే లేదు. తల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చోటే పేరు చెప్పి అడుగుతూ కాలివేళ్ళ దాకా వెళ్ళడానికి అరగంట పట్టేది. ఆ అరగంటలో మిగతా మంచాలు ఎదురుచూసేవి. ఆ నెలలో నూకరాజుకు మూడుసార్లు మత్తు ఇంజెక్షను ఇచ్చారు. మూడుసార్లూ ఎస్తేరే ఇచ్చింది, ఇచ్చాక నిద్ర పట్టేదాకా పక్కనే నిలబడింది.

హైమ లేచి కూర్చుంది. పేగు కొంత తీసేశారు. రెండు నెలల తర్వాత టీకాల విభాగంలో చేరింది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి తల నుంచి పాదాల దాకా తనను తనే వెతుక్కుంటోందని, ఎక్కడైనా దెబ్బ కనిపిస్తే అప్పుడు నొప్పి ఉందా అని ఆలోచిస్తోందని చెప్పింది. ఎస్తేరు కూడా అదే చేస్తోంది. పరీక్షలో ఆమె పొరపాట్లు ముప్పై ఎనిమిది నుంచి ఇరవై తొమ్మిదికి వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి.

మంగ మాత్రం మొగుడితో సరిగ్గా మాట్లాడటం మానేసింది. వచ్చేది, నోరు తుడిచేది, కాళ్ళకు నూనె రాసేది, మాట లేకుండా వెళ్ళిపోయేది. ఒకరోజు ఉదయం కోపం ఆగలేదు.

"ఎందుకొద్దన్నావో చెప్పవయ్యా! పైకీ కిందకీ చూస్తే నాకేం తెలుస్తది? ఏదో ఒకటి చెప్పు!"

పక్క మంచం దగ్గర పక్కబట్టలు మారుస్తున్న ఎస్తేరు ఆగిపోయింది. చెప్పమంటోంది. ఎలా చెబుతాడు? ఏడు నెలలు అతని ఒంట్లో ప్రతి దురదా, ప్రతి పోటూ తన ఒంట్లో తెలిశాయి. అడగాల్సిన అవసరమే రాలేదు. అవుననీ కాదనీ స్పష్టంగా చెప్పగల మనిషిని, నొప్పి గురించి తప్ప ఎవరూ ఏమీ అడగలేదు.

"మంగమ్మా, ఆయనకు చదువొచ్చా?"

"ఐదు దాకా చదివేడు. పెళ్ళిపందిరి మీద పేర్లు ఈయనే కత్తిరించి అంటించేవోడు. ఏం?"

మర్నాడు మంగ పుస్తకాల కొట్లో చిన్నపిల్లల అక్షరాల చార్టు కొనుక్కొచ్చింది. ఎస్తేరు దాన్ని అట్టకు అంటించి, అతని కళ్ళ ముందు పట్టుకుంది. ముందు వరుస, తర్వాత అక్షరం, ఆ తర్వాత గుణింతం. కావలసింది వచ్చినప్పుడు కళ్ళు పైకి.

"అచ్చులా? క వరుసా?"

పైకి.

"క? ఖ?"

'క' దగ్గరే పైకి. గుణింతం మొదలుపెట్టారు. క, కా, కి. పైకి.

"కి," అంది మంగ.

"కిడ్నీయా?" అంది ఎస్తేరు వెంటనే. "నడుం దగ్గర నొప్పా?"

కళ్ళు కిందికి దిగాయి. ఎస్తేరుకు సిగ్గనిపించింది. మళ్ళీ వరుసలు మొదలుపెట్టింది. మధ్యలో అతను అలసిపోయి కళ్ళు మూసుకున్నాడు. ఆగారు. వెంటిలేటరు గొట్టంలో పేరుకున్న నీళ్ళు తీశారు. మళ్ళీ మొదలు. ట వరుస. ట, టా, టి. పైకి.

"కి... టి..." మంగ ఆ రెండక్షరాలనూ వేళ్ళ మీద పెట్టుకుని చూసింది. "కిటికీయా?"

కళ్ళు పైకి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి.

రెండక్షరాలకు నలభై నిమిషాలు పట్టింది. ఏడో మంచం తల కిటికీ గోడకే ఆనించి ఉంటుంది. ఆక్సిజను గొట్టం గోడలోంచి వస్తుంది కాబట్టి మంచాన్ని అలా వేశారు. పదహారు నెలలుగా కిటికీ అతని వెనకే ఉంది. ఎదురుగా తెల్లగోడ, గోడ మీద గడియారం ఉన్నాయి. పట్టీలో ఇది ఎప్పుడూ తెలియలేదు. ఇది ఒంట్లో ఎక్కడా నొప్పిగా లేదు.

ఎస్తేరు పొడవాటి గొట్టం తెప్పించింది. ఇద్దరు వార్డు బాయ్‌లు, మంగ, ఆమె కలిసి వెంటిలేటరును, డ్రిప్ స్టాండును, మంచాన్ని అంగుళం అంగుళం జరిపి తిప్పారు. తల కింద రెండు దిండ్లు పెట్టి ఎత్తారు. తెర తీశారు.

బయట చూడదగ్గది పెద్దగా ఏమీ లేదు. ఆస్పత్రి నీళ్ళ ట్యాంకు, టీ కొట్టు, దాని పక్కన ఒక ఆటో ఉన్నాయి. ఆటోవాడు ప్యాంటు పైకి మడిచి, బకెట్టుతో నీళ్ళు తెచ్చి బండి కడుగుతున్నాడు. ముందు అద్దం కడిగాడు. తర్వాత చక్రాలు. తర్వాత సీటు తీసి బయట పెట్టి దులిపాడు. నూకరాజు కళ్ళు ప్రతి కదలికనూ పట్టుకుని తిరిగాయి.

ఎందుకొద్దన్నావని అడగడానికి తెచ్చిన చార్టు మంగ ఒళ్ళో ఉంది. ఆమె అడగలేదు. కుర్చీ అతని పక్కకు జరుపుకుని తనూ చూడసాగింది.

"వెనక చక్రం సరిగ్గా కడగలేదు చూడు," అంది కాసేపటికి.

కళ్ళు పైకి వెళ్ళాయి.

ఎస్తేరు మంచం కొస దగ్గర నిలబడింది. అతనికి ఇప్పుడు ఎలా ఉందో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలంటే అడగాలి. అడగడానికి ఇది సమయం కాదనిపించి, చప్పుడు కాకుండా ఎనిమిదో మంచం దగ్గరికి వెళ్ళింది. కుర్చీ లాక్కుని ఆ మనిషి కళ్ళకు ఎదురుగా కూర్చుంది.